చప్పిడి కూర

చెంచా మళ్ళీ కింద పడింది.

"ఇలా ఇవ్వు అమ్మడూ," అంటూ వదిన మంచం పక్కకు పీట లాక్కుని కూర్చుంది. ముద్ద కలిపి ఆడపడుచు నోటికి అందించింది.

"వణుకు ఇంకా ఎక్కువైంది వదినా."

"అయితే అయింది, నేను లేనూ? మీ అన్నయ్యకు చేతులు బాగున్నా అన్నీ అందించాల్సిందే."

అమ్మడు నవ్వింది.

మనసు జబ్బుకు ఆసుపత్రిలో ఉండి వచ్చిన కొత్తలో అమ్మడు బాగానే ఉండేది. వెనకగదిలో కూర్చుని ఇరుగుపొరుగు చొక్కాలకు గుండీలు కుట్టేది. వదిన పళ్ళెం గుమ్మం దగ్గర పెట్టేసి తన పనిలో పడిపోయేది. "కాళ్ళకు నీరు పడుతోంది, నా కూరలో ఉప్పు వెయ్యకు వదినా," అని అమ్మడు అడిగితే, విడిగా చప్పిడి కూర వండసాగింది. తరవాత్తరవాత అమ్మడి చేతులు వణికి, సూదిలో దారం ఎక్కడం మానేసింది.

రక్తపరీక్షలో, ఆ జబ్బుకు వాడే మందు లిథియం ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువుందని తేలింది.

"మాత్రలు రెండేసి మింగుతున్నావా?" అన్నాడు అన్నయ్య.

"లేదన్నయ్యా."

అతను నమ్మలేదు. "మళ్ళీ ఆసుపత్రిలో పెట్టేద్దాం."

"అక్కడ దీని పక్కన ఎవరు కూర్చుంటారండీ? ముందు డాక్టరుగారిని అడుగుదాం," అంది వదిన.

ముగ్గురూ వెళ్ళారు.

"మాత్రలు ఎవరిస్తున్నారు?" అడిగాడు డాక్టరు.

"నేనేనండీ, నా చేత్తో," అంది వదిన.

"వంటలో ఉప్పు?"

"అసలు వెయ్యనండీ," అంది వదిన, మెచ్చుకుంటాడేమోనని.

డాక్టరు కలం పక్కన పెట్టాడు. "లిథియం కూడా ఒక రకం ఉప్పేనమ్మా. ఒంట్లో మామూలు ఉప్పు తగ్గితే మూత్రపిండాలు దీన్ని బయటికి పోనివ్వవు. పేరుకుని పేరుకుని మందే విషమవుతుంది. ఉప్పు తగ్గించొద్దని ఇంటికి పంపేరోజే చెప్పాను కదా."

అన్నయ్య భార్యవైపు తిరిగాడు. "నీ అతితెలివి ఉపయోగించి దాని ప్రాణం మీదికి తెచ్చావు."

"నాకెవరూ చెప్పలేదండీ," అంది వదిన.

"తననేమీ అనకు అన్నయ్యా." అమ్మడు వణికే చేతుల్ని ఒళ్ళో దాచుకుంది. "చెప్పింది నాకు."

వదిన తెల్లబోయింది. "తెలిసే అడిగావా? ఎందుకే తల్లీ?"

అమ్మడు తలెత్తలేదు.

"చేతులు బాగుంటే నువ్వు నా దగ్గర కూర్చోవుగా, వదినా."