మలుపుకాడ అమ్మోరు

"నా పొత్రం ఏటయిందో సెప్పకుండా గడప దాటేవంటే ఊరుకోను" అంది చిలకమ్మ, గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంటూ.

తలకు తువ్వాలు చుట్టుకుని, చీపురు పట్టుకుని బయల్దేరబోతున్న రోజారమణి ఆగిపోయింది.

"ఆదివారం పూట మొదలెట్టకత్తా. అందరూ వచ్చీసుంటారు."

"రానీ! నిన్న కరెంటు పోయిందని పప్పు రుబ్బుదామని రోలుకాడకెల్తే పొత్రం నేదు. పోయిన్నెల పెరడంతా ఊడిసి, ఇరిగిన కుర్సీలూ, సిల్లు బకెట్లూ పాత సామాన్లోడి ట్రాక్టరెక్కించేవు కదా. దాన్తోపాటు నా పొత్రం కూడా ఎక్కించీసేవు. అవునా కాదా?"

"గ్రైండరుండగా నీకా రోలెందుకత్తా?"

"అది మాయమ్మ నాకిచ్చింది. నీ మొగుడు సిన్నప్పుడు మెట్ల మీంచి దొర్లించీసి ఓ పక్క పెచ్చూడగొట్టేడు. అయినా దాన్తోనే రుబ్బేను. పొత్రం నేదు, పసుపు డబ్బా సూత్తే ఎప్పుడూ కాళీయే. ఈ ఇంట్లో దేనికీ అజా పజా నేదు!"

లోపల టీ తాగుతున్న ఆ మొగుడు దుర్గారావు, తన మాట రాగానే గ్లాసుతో సహా పెరట్లోకి జారుకున్నాడు. రోజారమణి పీట పక్కనుంచి ఒక్క గెంతు గెంతి వీధిలో పడింది.

"ఎల్లు, ఎల్లు! ఇయ్యాల్తో నీ ఊడుపులు సరి!" అత్త గొంతు వెనకే వచ్చింది.

పరవాడ రోడ్డు పక్కనున్న ఆ చిన్న ఊళ్లో ఆదివారాలు అందరూ కలిసి వీధులు ఊడవడం మొదలుపెట్టింది గంగాధరరావు గారు. ఉక్కునగరంలో ఉద్యోగం చేసి, రిటైరయ్యాక ఇక్కడ ఇల్లు కట్టుకున్నారాయన. నడిపిస్తున్నది మాత్రం రోజారమణి. కాలవలు తీశారు. గోడలకు రంగులేశారు. లారీల దుమ్ముకు తట్టుకుంటాయని వీధి పొడుగునా గన్నేరు మొక్కలు పెట్టారు. ఊరంతా అద్దంలా తయారైంది, బస్సాగే మలుపు తప్ప.

అక్కడ చెత్త వేయొద్దని బోర్డు పెట్టారు. బోర్డు కిందే వేశారు. ముగ్గు పెట్టారు. ముగ్గు చెడకుండా జాగ్రత్తగా పక్కకు జరిగి వేశారు.

పోయిన నెలలో ఒక ఉదయం అక్కడ అమ్మవారు వెలిసింది. కరెంటు స్తంభం మొదట్లో, సగం మట్టిలో ఉన్న నున్నటి రాయి. ఒళ్లంతా పసుపు, పెద్ద కుంకుమ బొట్టు, చుట్టూ ఎర్రగుడ్డ. అంతే, ఆనాటినుంచి అక్కడ కాగితం ముక్క పడలేదు.

"మనలోనే ఎవరో పెట్టుంటారమ్మా. చెబితే దణ్ణం పెడతాను" అని గంగాధరరావు గారు అందరినీ అడిగారు. ఎవరూ ఒప్పుకోలేదు. వారం తిరక్కుండా ఆయనే అక్కడ చెప్పులు విప్పి నడవడం మొదలుపెట్టారు.

రోజారమణి మలుపు దగ్గరికి చేరేసరికి ఎదురింటి కనకరత్నం పాలచెంబుతో సిద్ధంగా ఉంది.

"రోజా, ఇయ్యాల అమ్మోరికి పాలాబిసేకం సేసీద్దామే. పసుపంతా కడిగీసి ఓసారి నిజరూపం సూడాల."

"వద్దొదినా! పాలు పోస్తే ఈగలు, చీమలు. అందుకేనా ఇన్నాళ్లూ ఊడిచేం?"

"అమ్మాయి చెప్పింది నిజమే" అన్నారు గంగాధరరావు గారు. "వచ్చే ఆదివారం శుభ్రమైన ఊరి పోటీకి మండలం నుంచి చూడ్డానికి వస్తున్నారు. ఈ మలుపు ఇలా నిలబడితే చాలు, బహుమతి మనదే. నిలబడకపోతే ఏడాది కష్టం గంగలో కలిసినట్టే."

ఆయన మాట ముగియకముందే అందరూ పక్కకు జరిగారు. మోకాళ్ల నొప్పులతో ఇన్నాళ్లూ అటువైపే రాని చిలకమ్మ, కర్ర పొడుచుకుంటూ వచ్చేసింది.

"అందరూ ఉన్నారు, బాగుంది. నా కోడలు నా పొత్రం పాత సామాన్లోడికిచ్చీసింది. అడిగితే సెప్పదు. అమ్మోరి మీద సెయ్యేసి ఒట్టేసి సెప్పమనండి, ఆ పొత్రం సంగతి తనకి తెల్దని!"

రోజారమణి చీపురు పక్కన పడేసి అత్త దగ్గరికి వచ్చింది. ఆ ఊళ్లో పొలం గట్టు తగాదాలు కూడా అమ్మవారి మీద ఒట్టుతోనే తెగిపోతాయి. అలా చెయ్యేసి అబద్ధమాడిన మనిషి ముఖం మళ్లీ ఎవరూ చూడరు.

"ఇంటికాడ మాట్లాడుకుందాం రాయే అత్తా" అంది చెయ్యి పట్టుకుని.

"సూసేరా? భయం!" అంది చిలకమ్మ. "ముందు నాను సెప్పుకుంటాను తల్లికి. తర్వాత నువ్వు."

కర్ర పక్కన పెట్టి, మూలుగుతూ కూర్చుంది. రాయి మీద రెండు చేతులూ ఆనించి కళ్లు మూసుకుంది. పెదవులు కదులుతూ కదులుతూ ఆగిపోయాయి. ఎంతకీ లేవలేదు. కనకరత్నం చెంబు గుండెకు హత్తుకుని చూస్తోంది.

చివరికి చిలకమ్మ కళ్లు తెరిచింది. జారిన ఎర్రగుడ్డ సర్దింది.

"ఒట్టక్కర్నేదు. నా కోడలు ఎవులికీ ఇయ్యనేదు. అమ్మోరు సెప్పింది."

"అమ్మోరు మాటాడిందా పిన్నీ!" అంది కనకరత్నం.

"మాటాడింది. పాలొద్దంట, నీల్లొద్దంట. దూరాన్నించే దణ్ణవెట్టుకోమంది."

గంగాధరరావు గారు రెండడుగులు వెనక్కి వేసి మరీ దణ్ణం పెట్టారు.

ఊడవడం అయ్యాక అత్తాకోడళ్లు ఇంటిదారి పట్టారు. గుమ్మం ముందు రోజారమణి ఇక ఉండబట్టలేక, "కోపం పోయిందా అత్తా?" అంది.

చిలకమ్మ వీధికి ఆ చివరా ఈ చివరా చూసింది. ఎవరూ లేరని తేల్చుకుని, కోడలి చెవి దగ్గరికి వంగింది.

"రేపు పసుపు మందంగా పుయ్యి, పెచ్చూడిన కాడ కనబడతంది."