జేబులో సెన్సార్

కారు స్టార్ట్ కాలేదు. భూపేష్ లోలోపల ఎగిరి గంతేశాడు గానీ, పైకి మాత్రం కొంప మునిగినట్టు మొహం పెట్టాడు.

“ఏమాయె రా?” వాకిట్లోంచి అడిగింది వాళ్లమ్మ రామలక్ష్మమ్మ.

“ఏమో మా. సెల్ఫు తిరుగుతాంది, ఇంజన్ పట్టుకోల్యా.”

“రేపు అమావాస్య, ప్రయాణం పనికిరాదు. ఎల్లుండికి ఆషాఢం వచ్చె. అత్తాకోడండ్లు ఒకే గడపలో మెలగగూడదు. పొద్దుగూకేలోపల ఈ కారు కదలల్ల. హనుమన్నకు ఫోన్ చెయ్.”

భూపేష్ తల గోక్కున్నాడు. పెళ్లాం మెడలో పసుపుతాడు ఇంకా పచ్చిగానే ఉంది. అలాంటి శివానిని రాయచోటిలో పుట్టింట దింపి, నెలంతా అత్తారింటి గడప తొక్కకుండా ఉండటమంటే మాటలా? అందుకే తెల్లవారుతూనే బానెట్ ఎత్తి, ఇంజన్ తిరుగుతోందో లేదో కారుకు కబురు చెప్పే క్రాంక్ సెన్సార్‌ను ఊడబెరికి ప్యాంటు జేబులో వేసుకున్నాడు. ఫోన్లో వీడియో చూసి నేర్చుకున్న విద్య. ఆషాఢం ముందు కొత్త కోడళ్లంతా పుట్టిళ్లకు కదిలే రోజు కాబట్టి కర్నూలంతా గాలించినా బాడుగ కారు దొరకదని కూడా ముందే కనుక్కున్నాడు మహానుభావుడు. బస్సు మాటెత్తితే, “ఇంత సామానేసుకోని బస్సేందిరా?” అని అమ్మే కొట్టిపారేసింది.

మెకానిక్ హనుమన్న వచ్చాడు. స్కానర్ తగిలించి చూశాడు, కారు కింద దూరాడు, బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

“సెన్సార్ చెడిపోల్యాదప్పా. అసలు సెన్సారే లేదు.”

“ఎలుకలెత్తుకపోయినాయేమో అన్నా.”

“బోల్టు విప్పుకోని పోయిండాది. స్పానర్ పట్టే ఎలుకను నేనింతవరకు చూడల్యా.”

తలుపు చాటున నిలబడిన శివాని కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరిగెత్తింది.

కొత్త సెన్సార్ తానే తెస్తానని భూపేష్ బైకెక్కాడు. బళ్ళారి చౌరస్తాలో తీరిగ్గా రెండు టీలు తాగి, ఏదో ఒకటి కొని తెచ్చాడు.

“ఇది డీజిల్ బండిదప్పా,” అన్నాడు హనుమన్న.

మళ్లీ పోయాడు. మళ్లీ తెచ్చాడు.

“దీనికి రెండే పిన్నులుండాయి. మన సాకెట్‌కి మూడు కావల్ల. ఏమప్పా, ఏందని చెప్పి అడుగుతాండావు ఆడ?”

“సెన్సార్ ఇయ్యమని అడుగుతాండా.”

“సెన్సార్లు ఎన్ని రకాలుండాయో తెలుసా నీకు?”

తెలియదు. తెలియకపోవడమే మంచిదని భూపేష్ సంతోషించాడు. ఈలోపల శివాని హనుమన్నకు ఆకు వేసి జొన్నరొట్టెలు, ఊరిబిండి పచ్చడి వడ్డించింది. “ఇంగొకటి తినన్నా. కారు యాడికి పోతాది?” అంటూ నెయ్యి కూడా పోసింది. వస్తూ పోతూ మొగుడి చెవిలో, “జేబు ఉబ్బుగా కనపడతాంది, చెయ్యి అడ్డం పెట్టుకో,” అని ఊదింది. ఆ మాటకే భూపేష్‌కు ఒళ్లంతా గాల్లో తేలినట్టయింది. పొద్దు పడమరకు వాలింది. ఇంకొక్క గంట నెట్టుకొస్తే గెలిచినట్టే.

రామలక్ష్మమ్మ మాత్రం ఊరుకునే రకం కాదు. “మచ్చు లేకుండా పోతే అంగట్లోవాడు చేతికందింది ఇస్తాడు,” అని, పక్కింటి నాగలక్ష్మమ్మ గారి కారు దగ్గరకు హనుమన్నను లాక్కెళ్లింది. అదీ ఇదే మోడలు. వాళ్లను బతిమాలి, దాని సెన్సార్ విప్పించి, గుడ్డలో చుట్టుకుని, ఆటో పిలిచి ఎక్కేసింది. ఒంటరిగా కూరగాయలకు కూడా వెళ్లని మనిషి.

ఆమె తిరిగొచ్చి ఆటో దిగేసరికి చేతిలో రెండు సెన్సార్లున్నాయి, కవల పిల్లల్లాగా.

“ఇది కరెక్టక్కా,” అన్నాడు హనుమన్న. పక్కింటి వాళ్లది వాళ్లకు బిగించి వచ్చి, కొత్తది వీళ్లకు బిగించాడు. తాళం తిప్పగానే కారు గుర్రుమంది.

భూపేష్‌కు ఏడుపొక్కటే తక్కువ. కన్నతల్లికి ఇంత రాతి గుండె ఏమిటి? కోడల్ని తోలేయడానికి ఆటోలు ఎక్కి మరీ సామాన్లు తెస్తుందా? శివాని కళ్లు నిండిపోయాయి. పొద్దున్నే సర్దుకున్న పెట్టెను ఈడ్చుకుంటూ వచ్చింది. చేతులు రాకపోయినా భూపేష్ దాన్ని డిక్కీలో పెట్టాడు.

“ఇంగా ఎంతసేపు రా?” అంటూ రామలక్ష్మమ్మ వచ్చింది. పట్టుచీర కట్టుకుంది. రెండు చేతుల్లో రెండు పెద్ద సంచులు, చంకలో ఇంకొకటి. సంచులు వెనక సీట్లోకి తోసి, ముందు డోరు తీసుకుని దర్జాగా కూర్చుంది.

“నువ్వు కూడా రాయచోటికి వస్తాండావా మా?”

“రాయచోటికి నాకేం పని? ఆ పిల్ల పెట్టె దించి, కారు ఆత్మకూరు దిక్కు తిప్పు. మీ మేనమామ పొద్దట్నుంచి ఫోన్ మీద ఫోన్ చేస్తాండాడు.”

భూపేష్ డిక్కీ వదిలి ముందు డోరు దగ్గరకు ఉరికాడు. “ఆత్మకూరుకా? మరి ఆషాఢం మా?”

“అత్తాకోడండ్లలో ఎవరో ఒకరు గడప దాటితే సాలు గదరా. పుట్టిల్లు కోడలికేనా ఉండేది, నాకు లేదా ఏంది?”