సెలవు పెట్టని డాక్టరు

"ఈ మందు నేనివ్వను," అంది ఫార్మసిస్టు.

పెద్దావిడ నిర్ఘాంతపోయింది. ఆవిడ చంకలో బుట్ట, బుట్టలో పిల్లి. నిన్నటి నుంచి అది తిండి ముట్టలేదు, తలెత్తి చూడటం కూడా మానేసింది.

"ఇవ్వవా? డాక్టరుగారు రాసిన మందేగా! పొద్దున్నే యాప్‌లో మాట్లాడాను. ఎంత ఓపిగ్గా జవాబిచ్చారనుకున్నావ్!"

"మాట్లాడారా, టైపు చేశారా?"

"టైపే అనుకో. అయితే ఏంటట?"

"అయితే ఇవ్వను."

జంతువుల మందులమ్మే షాపు అది. గోడ నిండా మెడపట్టీలు, మూలన దాణా బస్తాలు, రోజంతా గుర్రుమనే టీకాల ఫ్రిజ్జు. ఫార్మసిస్టు అక్కడ చేరి ఎంతో కాలం కాలేదు. ఆన్‌లైన్ చీటీలు ఎవరివి వచ్చినా మారుమాట లేకుండా మందులిచ్చేది. ఈ ఒక్క డాక్టరు పేరు కనిపిస్తే మాత్రం మొండికేసేది. ఓనరు నచ్చజెప్పాడు. కసిరాడు. లాభం లేక ఇవాళ యాప్ కంపెనీ మేనేజర్నే వెంటబెట్టుకొచ్చాడు.

"ఈవిడేనండీ! నాకు చేతకాలేదు, మీరే తేల్చుకోండి," అన్నాడు కుర్చీలో కూలబడుతూ.

మేనేజరు ఇస్త్రీ నలగని చొక్కాలో ఉన్నాడు. మాట కూడా అలాగే ఉంది.

"సమస్య ఏంటి మేడమ్? సంతకం ఉంది. రిజిస్ట్రేషన్ నంబరుంది. వెటర్నరీ కౌన్సిల్ వెబ్‌సైట్లో చూసుకోండి, ఇంకా మూడేళ్లు చెల్లుతుంది."

"చూశాను. చెల్లుతుంది."

"మరి?"

"జంతువు మీద చెయ్యి వెయ్యకుండా ఆయన మందు రాయరు."

"దూరం నుంచి చూసి రాయొచ్చని రూలే చెబుతోంది కదా!"

"రూలు చెబుతుంది. ఆయన రాయరు."

ఓనరుకి ఒళ్లు మండింది. "ఆయన సంగతి నీకేం తెలుసు?"

"తెలుసు. ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను."

"అదీ, అలా చెప్పండి!" మేనేజరు నవ్వాడు. "పాత గొడవలేవో ఉన్నట్టున్నాయి."

ఆమె కాదనలేదు. ఆ కంపెనీకి ఆమె చేసిన ఫోన్లకి లెక్కలేదు. ప్రతిసారీ ఓ కొత్త గొంతు, అదే పాత పాట: మీ ఫిర్యాదు నమోదైంది. కౌన్సిల్‌కి రాస్తే పరిశీలనలో ఉందన్నారు. గొంతులతో కొట్లాడి కొట్లాడి విసుగెత్తిపోయింది. చివరికి చీటీలు ఆపేసింది. అమ్మకం ఆగితే, మొహమున్న మనిషి ఎవరో ఒకరు రాకపోరు.

ఇదిగో, వచ్చాడు.

పెద్దావిడ బుట్ట కౌంటరు మీద పెట్టి, ఫోను పైకెత్తింది. "వీడియో తీస్తున్నా. నోరులేని జీవం ఉసురు పోసుకుంటున్నావు. నీ పొగరు నలుగురూ చూడనీ!"

"తియ్యండి పిన్నిగారూ. ఈయన మొహం కూడా బాగా పడేట్టు తియ్యండి." మేనేజరు వైపు తిరిగింది. "ఆ డాక్టరుగారితో మీరెప్పుడైనా మాట్లాడారా?"

"ఎప్పుడైనా ఏంటండీ, రోజూ మాట్లాడతాను!"

"రోజూనా?"

"ఇవాళ పొద్దున కూడా. ఈవిడ పిల్లి గురించే చెప్పారు." మేనేజరు కెమెరా వైపు కాస్త తిరిగి, కాలరు సర్దుకున్నాడు. "మా దగ్గర ఆయనంత పనిమంతుడు లేడు. రాత్రనక పగలనక పలుకుతారు. ఒక్క సెలవు పెట్టి ఎరగరు. ఎవర్నీ విసుక్కోరు."

"నాకు తెలిసినాయన తెగ విసుక్కునేవారు. ఫోన్లో చూపిస్తే, కడుపు నొక్కి చూడందే నాకేం తెలుస్తుంది, ముందు తీసుకురండి అని అరిచేవారు."

"మనిషన్నాక మారతాడు మేడమ్."

"అయితే ఇప్పుడే వీడియోలో పిలవండి. మొహం చూపించి 'ఇవ్వమ్మా' అననివ్వండి. మందూ ఇస్తాను, మీ కాళ్లకి దణ్ణమూ పెడతాను."

మేనేజరు ఫోను తీశాడు. ఏదో నొక్కాడు. చెవి దగ్గర పెట్టుకుని కాసేపు పైకప్పు చూశాడు.

"బిజీగా ఉన్నారు. వేరే కేసులో."

"ఫర్లేదు, ఉంటాను."

"చాల్లే!" ఓనరు లేచాడు. "మందిస్తావా, తాళాలిచ్చి వెళతావా?"

నడుముకున్న తాళాల గుత్తి తీసి ఆమె కౌంటరు మీద పెట్టింది. గట్టిగానే పెట్టింది. బుట్టలో పిల్లి ఉలిక్కిపడి సన్నగా మూలిగింది.

"తీసుకోండి. రేపటి నుంచి ఎవరిచేతైనా ఇప్పించుకోండి. నా చేత్తో మాత్రం ఆ సంతకానికి మందు వెళ్లదు." పెద్దావిడ వైపు వంగి గొంతు తగ్గించింది. "పక్క వీధిలో డాక్టరమ్మ ఉంది. మీరు లోపలికి రాగానే మెసేజి పెట్టాను, మీకోసమే చూస్తోంది. మందు కోసం ఇక్కడ ఆలస్యం చెయ్యకండి, ముందు పిల్లిని చూపించండి."

పెద్దావిడ బుట్ట అందుకుంది. అడుగు మాత్రం పడలేదు. ఫోను ఇంకా పైకే ఉంది.

"ఉద్యోగం పోయినా సరేనంటున్నావు. అంత పగా? ఇంతకీ ఆ డాక్టరు నీకేం ద్రోహం చేశాడే అమ్మాయ్?"

"ద్రోహమా?" ఆమె చూపు మేనేజరు మొహం మీంచి కదల్లేదు.

"ఆయన మా నాన్న పిన్నిగారూ, కిందటి చలికాలంలో నా ఒళ్లో తలపెట్టుకునే పోయారు."