బండ మీద మూడు దెబ్బలు

"అందరు కొట్టిండ్రు సేటు. గా 'ఆర్' అనేటామె తప్ప."

జంగప్ప మేస్త్రి హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టాడు. పాండురంగం కంప్యూటర్ తెర వైపు చూశాడు. పందొమ్మిది ముఖాలు, ఒక నల్లటి గడి. గడి మధ్యలో 'ఆర్' అని ఒక్క అక్షరం, క్లాసు మొదలైనప్పటి నుంచీ అంతే.

పాండురంగానికి తాండూరులో బండల పాలిష్ యూనిట్ ఉంది. టైల్స్ వచ్చాక సగం రోజులు మిషన్లు ఊరికే పడి ఉంటున్నాయి. రాయి కొనేవాళ్లు తగ్గితే, రాయి పని నేర్చుకునేవాళ్లను వెతకాలనుకున్నాడు. మెక్సికో, గ్వాతెమాలాల నుంచి అమెరికాకు కూలి పనికి వెళ్లి, సొంతంగా కాంట్రాక్టులు పట్టాలని చూస్తున్నవాళ్లు ఆన్‌లైన్‌లో దొరికారు. ఇప్పుడు యూనిట్ తలుపులు తెరిచి ఉన్నాయంటే ఆ క్లాసు వల్లే.

రోజూ పొద్దున ఆరున్నరకు జంగప్ప బండ పరిచి చూపిస్తూ తెలుగులో చెబుతాడు. వికారాబాద్ నుంచి జ్యోతిరాణి దాన్ని స్పానిష్‌లో చెబుతుంది. నేర్చుకునేవాళ్లు తాము పరిచిన బండ మీద వేలి కణుపుతో మూడు దెబ్బలు కొట్టాలి. కింద సిమెంటు మాలు నిండా పట్టిందో, డొల్ల ఉందో చప్పుడు విని జంగప్ప చెబుతాడు. గట్టిగా పలికితేనే సర్టిఫికెట్.

జ్యోతిరాణిని హైదరాబాద్‌లోని ఒక అనువాదాల కంపెనీ తరఫున మహిధర్ కుదిర్చాడు. "కెమెరా ముందుకు రాదు సార్. కానీ ఆ గొంతుకు సెలవంటూ ఉండదు," అన్నాడు. ఏడు నెలల్లో ఒక్క నాగా లేదు. గాలివానకు వికారాబాద్ అంతా కరెంటు పోయిన పొద్దున కూడా ఆమె ఆరున్నరకే పలికింది. "తిన్నవా బిడ్డా?" అని జంగప్ప రోజూ అడుగుతాడు. "తిన్న కాకా, జొన్నరొట్టె," అంటుంది. పాండురంగం చేసిన బేరాలన్నిటిలో మేలైనది అదే.

"తీసెయ్యమంటవా సేటు గా నల్ల గడిని?"

"ఆగు. జర మైకు పెంచు."

ఊపిరి వినిపించింది. దాని వెనక, దూరంగా, తెలుగులో రైలు ప్రకటన. వికారాబాద్ జంక్షన్.

జంగప్ప మెడ తడుముకున్నాడు. "అమెరికాల మన రైలెట్ల వచ్చింది సేటు?"

"అమెరికా లేదు, ఏం లేదు. ఎవడో మన పని నేర్సుకొని, రేపు గిసొంటిదే ఇంకోటి పెడ్తడు." పాండురంగం మైకు దగ్గరికి వంగాడు. "జ్యోతీ, గీ ఆర్ అనేటామె మీ ఊరామెనే. నీకెర్కనా?"

ఏడు నెలల్లో మొదటిసారి జ్యోతిరాణి జవాబు చెప్పలేదు.

క్లాసులో చేరేటప్పుడు ఆర్ నింపిన ఫారంలో ఉన్న నంబరుకు పాండురంగం ఫోన్ చేశాడు. ఎత్తింది ఒక ముసలి గొంతు. ఎవరని అడగలేదు. "రా సేటు. స్టేషన్ వెనకాల, ఎర్ర గేటు," అంది.

మర్నాడు తెల్లవారే బస్సుకు పాండురంగం వికారాబాద్ చేరాడు. ఎర్ర గేటు తీసిన రాహేలమ్మకు అరవై దాటి ఉంటాయి. వేళ్లు సిమెంటుకు పగిలి ఉన్నాయి. చేతిలోని ఫోన్‌లో క్లాసు నడుస్తోంది.

"స్పానిష్ వస్తదా నీకు?"

"రాదు. మేస్త్రి తెలుగు చాలు."

"మరి నేర్సుకొని ఎవరికి చెప్తున్నవ్?"

"ఎవరికి లేదు. ఒక్క బండ కోసం నేర్సుకున్న."

"ఒక్క బండకు ఏడు నెలలా?"

"బండ రెండు నెలలల్ల అయిపోయింది. మిగిలిందంత వినుడే."

"మేస్త్రిని పిలిస్తె ఒక్క పూటల పరిచి పోతుండె గదా."

"వేరేటోళ్ల చెయ్యి పడొద్దనుకున్న."

"క్లాసు లింకు ఎవరిచ్చిండ్రు?"

"మహిధర్ సారు. నా ఫోన్లకెల్లి ఒకటి తీస్కపోయిండు. బదులు ఇది ఇచ్చిండు."

దొంగ దొరికాడనుకున్నాడు పాండురంగం. "చూడమ్మా, ఇయ్యాల నీ పేరు తీసేస్తున్న."

రాహేలమ్మ రెండు చేతులతో ఫోన్ పట్టుకుంది. "వద్దు సేటు. ఏమన్న చెయ్యి, క్లాసు మాత్రం బంద్ చెయ్యకు. నాకు ఉన్నది గదొక్కటే."

పాండురంగం ఆలోచించాడు. అరవై ఏళ్ల ఆడమనిషి ఫోన్లో చూసి బండ పరిచిందంటే అంతకన్నా మంచి ప్రకటన ఉండదు. దొంగతనం సంగతి మహిధర్‌తో తేల్చుకోవచ్చు.

"నీ బండ చూపెట్టు. పని మంచిగుంటె నువ్వు క్లాసుల ఉంటవ్. సర్టిఫికెట్ గూడ ఇస్త."

ఇంటి వెనక రైలు పట్టాల దాకా చిన్న చెలక. ఆ చివర ఒక్కటే బండ, పక్కన కూర్చోవడానికి పీట. చుట్టూ గడ్డి మంచుకు తడిసి ఉంది. బండ మాత్రం ఎవరో అప్పుడే తుడిచినట్టు పొడిగా ఉంది.

అతను అలవాటుగా జానలతో కొలిచాడు. ఆరడుగుల పొడవు, రెండున్నర వెడల్పు. అంచు వెంట్రుకంత కూడా తేడా లేదు.

"జంగప్ప గూడ ఇంత సాఫ్‌గ పరవడు. బట్టలుతికేటందుకా?"

బండ అంచున పడిన ఆకును ఆమె ఏరి పారేసింది.

"సరే. మూడు దెబ్బలు. గట్టిగ పలికితె నువ్వు పాసు." అతను వంగి వేలు మడిచాడు.

రాహేలమ్మ ఆ మణికట్టును ఒడిసి పట్టుకుంది. ఆమె అరచెయ్యి చల్లగా ఉంది.

ఫోన్‌లో స్పానిష్ ఆగిపోయింది. జ్యోతిరాణి గొంతు తెలుగులో, మెల్లగా అంది: "కొట్టుండ్రి. నేను వింటున్న."

"ఎట్ల కొట్టనిస్త సేటు," అంది రాహేలమ్మ.

"కింద పండుకున్నది నా బిడ్డ, జ్యోతిరాణి."