నంబరున్న ముక్క

"దీనిమీద నంబరేదమ్మా?"

పిస్తోలును అటు తిప్పి ఇటు తిప్పి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి మరీ చూశాడు కటింగ్ మాస్టర్. నంబరు ఉండాల్సిన చోట నున్నగా ఉంది.

"లేదు బాబూ" అంది కౌంటరు అవతల నిలబడ్డ పెద్దావిడ.

కటింగ్ మాస్టర్ అంటే దర్జీ అనుకునేరు. ఆయన పోలీసు స్టోరులో హెడ్ కానిస్టేబులు. జనం తెచ్చి అప్పగించే తుపాకులన్నీ ఆయన గదికే వస్తాయి. వాటిని మళ్ళీ వేలం వేసి అమ్మేద్దామని పైవాళ్ళు, వీల్లేదు కోసి పారేయాల్సిందేనని ఈయన, మూడేళ్ళపాటు ఒకటే రభస. మంచి సరుకును ముక్కలు చేయడానికి నీకు చేతులెలా వస్తాయయ్యా అని నవ్వారు కూడా. ఈయన పెద్దాఫీసరు చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, చివరికి పంతం నెగ్గించుకున్నాడు. ఇక అమ్మకాల్లేవు, అన్నీ కోతకే అని ఉత్తర్వు వచ్చింది. ఆ పేరూ అప్పుడే వచ్చింది. పైకి విసుక్కుంటాడు గానీ, ఆ పేరంటే ఆయనకు లోలోపల మహా ఇష్టం.

"ఎవరిదమ్మా ఇది?"

"మావాడిది."

"ఎంత వయసు?"

"ఇరవై మూడు."

"లైసెన్సు లేదు కదూ! విడి ముక్కలు కొని ఇంట్లో బిగించుకున్నదే ఇది. చూడండి, గొట్టాన్నీ పిడినీ కలిపి పట్టుకునే ఈ బాడీ ఒక్కటే కొత్తది, తక్కినవన్నీ పాతవి. చట్టం లెక్కన నంబరున్న బాడీయే తుపాకీ. మిగతావన్నీ ఉత్త ఇనుము. సైకిలు సామాను కొన్నట్టు ఎవరైనా కొనుక్కోవచ్చు. వీళ్ళకి ఎక్కడ దొరుకుతాయో ఏమో!"

పిస్తోలును పిడి వైపు తిప్పాడు.

పిడి ఒకచోట పగిలితే రాగితీగ చుట్టి ఉంది. చుట్టు మీద చుట్టు, వెంట్రుక దూరే సందు లేదు.

"ఈ తీగ చుట్టినవాడెవడో పనిమంతుడు."

"మావారు" అంది ఆవిడ.

ఫారం చూశాడు. ఒక్క కొట్టివేత లేదు. రెండు కాపీలు, గుర్తింపు కార్డు నకలు, అన్నీ పిన్ను చేసి ఉన్నాయి. మామూలుగా ఒక్కొక్కరూ మూడుసార్లు తిరుగుతారు. అప్పగింతకు కారణం అన్నచోట మాత్రం ఒకే మాట రాసి ఉంది. కొడుకు.

"అందరూ మీలా వస్తే నా తలప్రాణం తోకకు రాకుండా ఉంటుంది. అబ్బాయి మీద బెంగా అమ్మా?"

"బెంగే బాబూ."

"మంచిపని చేశారు. ఆ వయసులో పిల్లలు ఊరికే ముభావంగా కూర్చుంటే, ముందు ఇలాంటివి ఇంట్లోంచి పంపేయాలి. చాలామందికి ఆ తెలివి ఆలస్యంగా వస్తుంది."

ఆవిడ తల ఊపి అడిగింది. "దీన్నేం చేస్తారు?"

"కోసేస్తాం."

"ఏ ముక్క కోస్తారు?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. "నంబరున్న ముక్క" అన్నాడు.

"దీనికి నంబరు లేదన్నారుగా."

నిజమే, ఉత్తర్వులో ఇలాంటిదాని ఊసే లేదు.

"పోనీ, బాడీ కోస్తాం."

"మిగతావి?"

"పాత ఇనుము కదమ్మా. కంట్రాక్టరు పట్టుకుపోతాడు."

"పట్టుకుపోయి?"

"అది మన చేతుల్లో ఉండదమ్మా."

"అన్నీ కోయండి బాబూ. గొట్టం, పిడి, స్ప్రింగు, అన్నీ. నా కళ్ళముందు కోయండి."

అన్నీ కోయడానికి రూల్సు ఒప్పుకోవు అనబోయాడు. కౌంటరు అంచును పట్టుకున్న ఆవిడ వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆ కౌంటరు దగ్గర ఏడ్చినవాళ్ళను బోలెడుమందిని చూశాడాయన. ఈవిడ ఏడవడం లేదు. అది చూసే ఆయనకు భయం వేసింది. రూల్సు సంగతి తర్వాత చూసుకుందాం అనుకుని లేచాడు.

వెనక షెడ్డుకు గడప ఎత్తు. కొత్తవాళ్ళందరూ తట్టుకుంటారు, అందుకే ఆయన "చూసుకుని" అనబోయాడు. అప్పటికే ఆవిడ దాటేసి మిషను పక్కకు వెళ్ళి నిలబడింది.

ముందు బాడీ కోశాడు. తర్వాత గొట్టాన్ని నాలుగు ముక్కలు చేశాడు. చక్రం కీచుమంటూ నిప్పురవ్వలు కక్కుతోంది. రవ్వలు చేతుల మీద పడుతున్నా ఆవిడ వెనక్కి జరగలేదు.

"ఇది ఇంకాస్త చిన్నది చేయండి" అంది ఒక ముక్కను చూపిస్తూ. చేశాడు. పిడి దగ్గరికి వచ్చేసరికి చేయి చాపి, ఆ రాగితీగను ఒకసారి వేలితో తడిమి, "కానివ్వండి" అంది. తీగతో సహా కోసేశాడు. స్ప్రింగును కూడా వదల్లేదు.

అన్నీ కలిపితే ఒక చిన్న డబ్బాకు సరిపోయాయి. కటింగ్ మాస్టర్ చెమట తుడుచుకున్నాడు. ఉద్యోగంలో చేరాక ఇంత తృప్తిగా ఏ పనీ చేయలేదనిపించింది.

"ఇక దీన్ని ఆ బ్రహ్మదేవుడు కూడా బిగించలేడమ్మా. నిశ్చింతగా ఇంటికెళ్ళి మీవాడికి కడుపునిండా భోజనం పెట్టండి."

ఆవిడ డబ్బాలోంచి చూపు ఎత్తకుండానే అంది.

"పోయినేడు వాళ్ళ నాన్న పిస్తోలు నేను తెచ్చిస్తే నంబరున్న ముక్కను ఇక్కడే నా కళ్ళముందు కోశారు బాబూ, ఆ మిగతా ముక్కలే కొనుక్కొచ్చి బిగించుకున్నాక మావాడు వారం రోజులే బతికాడు."