పృథ్వీ పాయింట్

"కాస్త పక్కకి జరుగమ్మా, ఫొటోలో పడతావు!"

పృథ్వీరాజ్ కెమెరా కంటి నుంచి తియ్యకుండానే చెయ్యి విసిరాడు.

చేపల తట్ట పక్కన నిలబడ్డావిడ నవ్వుతూ నాలుగడుగులు ఎడమకి జరిగింది.

ఉప్పు మడుల మలుపు తిరిగి పొద్దుటి పాసింజరు వచ్చింది. మడుల నీళ్ళలో ఇంకో పాసింజరు తలకిందులుగా పరిగెత్తింది. తమ దగ్గరికి వచ్చేసరికి ఇంజను రెండుసార్లు పొట్టిగా కూసింది.

"విన్నావామ్మా? అది నాకే!" అన్నాడు పృథ్వీరాజ్ రొమ్ము విరుచుకుని.

"అవునా బాబూ!" అంది ఆవిడ. ఆవిడ ముఖం అతని ముఖంకన్నా ఎక్కువ వెలిగిపోతోంది.

పృథ్వీరాజ్‌ది టెక్కలిలో బ్యాంకు ఉద్యోగం. ఆదివారం వస్తే రైళ్ళ ఫొటోలు తీసే పిచ్చి. నౌపడా దగ్గర ఈ చోటు దొరికి రెండేళ్ళయింది.

దొరకడమంటే, చూపించింది ఆ చేపలావిడే. మొదటిరోజు అతను ఎండకి ఎదురుగా నిలబడి తంటాలు పడుతుంటే పిలిచింది.

"అక్కడ కాదు బాబూ, ఈ గట్టెక్కి నిల్సో. ఇంజినోలకి బాగా అగుపడతావు."

"నేను కనబడ్డం కాదమ్మా, ఇంజను నాకు కనబడాలి."

"రెండూ ఒకటే గదేటి!"

గట్టెక్కి చూస్తే నిజమే. మలుపు, నీళ్ళు, ఎండ మూడూ కుదిరాయి. ఆ ఫొటో రైలు అభిమానుల వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద 'పృథ్వీ పాయింట్' అని రాసేసుకున్నాడు మనవాడు.

ఇక మొదటిసారి హారన్ మోగినప్పట్నుంచీ నేల మీద నిలబడితే ఒట్టు.

"ఇక్కడ గేటు లేదు, హారన్ కొట్టమనే బోర్డూ లేదు. అయినా కొడుతున్నారంటే ఎవరి కోసం? డ్రైవర్లందరికీ నేను తెలిసిపోయాను" అని గ్రూపులో చెప్పుకున్నాడు.

మోగని ఆదివారాలూ ఉండేవి. ఆ డ్రైవరుకి మర్యాద తెలీదని సరిపెట్టుకునేవాడు.

చేపలావిడ వచ్చినప్పుడల్లా ఒకటే వరస. రైలు వచ్చే ముందు తట్ట దించి, జుట్టు తడిమి, కొంగు సర్దుకుని, పెళ్ళికి వెళ్ళినట్టు నిటారుగా నిలబడేది. పల్లె మనిషికి రైలంటే వింత కాబోలని పృథ్వీరాజ్ పాఠాలు మొదలెట్టాడు.

"ఇంజను నడిపేవాళ్ళని లోకో పైలట్లంటారమ్మా. వెనక వెయ్యిమంది ప్రాణాలు వాళ్ళ చేతుల్లో ఉంటాయి. అందరూ చెయ్యగలిగే పని కాదు."

"అందరూ సెయ్యనేరా?"

"ఊహూఁ. గొప్పవాళ్ళే చెయ్యగలరు."

"మళ్ళీ ఓపాలి సెప్పు బాబూ."

మళ్ళీ చెప్పాడు. ఎంత చెప్పినా ఎక్కదు పాపం అనుకున్నాడు.

2016 వేసవిలో ఒక ఆదివారం గ్రూపువాళ్ళు తొమ్మిదిమంది కెమెరాలతో విశాఖ నుంచి దిగారు. పెద్దాయన జగన్నాధం ముందే షరతు పెట్టాడు.

"హారన్ నీ కోసం మోగితే ఈ చోటు నీ పేరుతోనే మన గ్రూపు మ్యాపులో ఎక్కిస్తానోయ్."

పాసింజరు వచ్చింది. పృథ్వీరాజ్ అందరికంటే ముందు నిలబడి చెయ్యెత్తి ఊపాడు.

ఇంజను చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయింది.

వెనక వచ్చిన ఎక్స్‌ప్రెస్సూ అంతే. గూడ్సు కూడా అంతే.

"ఏదోయ్ నీ హారన్?" అన్నాడు జగన్నాధం. తొమ్మిదిమందీ నవ్వారు. పృథ్వీరాజ్‌కి తల కొట్టేసినట్టయింది.

పట్టాలు చూసుకుంటూ సుత్తి భుజాన వేసుకుని వస్తున్న కీమాన్ అసిరయ్య ఆ సంగతి విని పగలబడి నవ్వాడు.

"సొమ్మొకడిది సోకొకడిదని! ఆ హారన్ నీకేటి బాబూ? కూర్మమ్మకి!"

"కూర్మమ్మెవరు?"

"రెండేళ్ళు పక్కనే నిల్సున్నావు, పేరడగనేదా? సేపల తట్ట కూర్మమ్మ."

పృథ్వీరాజ్ గొంతు తగ్గింది. "ఈ రోజు రాలేదేం?"

"ఇంకేటొస్తాది? ఇంక తట్ట మొయ్యద్దని కూతురు దుర్గ వాల్తేరు తీసుకెల్లిపోనాది. నాలుగు రోజులయినాది. ఎల్లేటప్పుడు నిన్నే తలుసుకున్నాది."

"నన్నా?"

"ఫొటోల బాబు మంచోడు, మా దుర్గ గొప్పదని ఎన్నిపాలులు అడిగినా సెప్పీవోడు అన్నాది."

"నేనా? దుర్గెవరో నాకు తెలీదే!"

అసిరయ్య నవ్వుకుంటూ పట్టాల వెంట సాగిపోయాడు.

జగన్నాధం ఫోను తీశాడు. "మరి మ్యాపులో ఏం పేరు రాయమంటావు?"

పృథ్వీరాజ్ ఆ గట్టు కేసి చూశాడు. తట్ట దించి ఆవిడ ఏళ్ళ తరబడి నిలబడ్డ చోట గడ్డి మొలవకుండా మిగిలిన జానెడు నేల కనిపించింది.

"కూర్మమ్మ పాయింట్ అని రాయండి సార్" అన్నాడు. తన పేరు రాసుకున్నప్పటికన్నా ఇప్పుడే ఎక్కువ గర్వంగా అనిపించింది.

ఇంటికెళ్ళి రెండేళ్ళ ఫొటోలు కంప్యూటర్లో తెరిచాడు. ఇంతకాలం ఇంజను నంబరు స్పష్టంగా పడిందా లేదా అనే చూశాడు తప్ప, అద్దం వెనక ఎవరున్నారో ఎప్పుడూ చూడలేదు.

ఒక్కొక్కటే పెద్దది చేశాడు.

హారన్ మోగిన ప్రతి ఫొటోలోనూ, ఇంజను అద్దం వెనక నీలం చొక్కా తొడుక్కుని, అచ్చం కూర్మమ్మ ముక్కూ కూర్మమ్మ నవ్వూ ఉన్న ఒక అమ్మాయి, కెమెరా కేసి కాకుండా, అతను జరగమంటే కూర్మమ్మ వెళ్ళి నిలబడ్డ పక్కకే చూస్తోంది.