కెమెరాలో మబ్బు

"ఏమప్పా గిరీ! మా పిల్లకు కామెర్లా అని అడుగుతాండారు పెండ్లికొడుకు వాళ్లు!" తిప్పమ్మ ఫోటో తెచ్చి స్టూడియో బల్ల మీద కొట్టింది.

ఫోటోలో పిల్ల మొహం పసుపు ముద్దలా ఉంది. గిరి తల గోక్కున్నాడు. "కంప్యూటర్ తప్పేమోక్కా."

కంప్యూటర్ ముందున్నది అతని భార్య ఈశ్వరి. ఊరుకుంటుందా?

"కెమెరాను ఎట్ల పెట్టి తీసినావో ఫోటో లోపలే రాసుంటాది, తెలుసునా?" అంటూ ఆ వివరాలు తెరిచింది. వెలుతురు దగ్గర 'క్లౌడీ' అని ఉంది.

"చూడక్కా, మడకశిరలో యాడా లేని మబ్బు ఈయప్ప కెమెరాలో ఉండాది! మబ్బు పొద్దుకని పెట్టింది ఎండలోనూ అట్లే ఉంచితే, పసుపు రాక ఏమొస్తాది?"

నవ్వుతూనే పాత ఫోటోలు తెరిచింది. అన్నిట్లోనూ మబ్బే. వెనక్కి పోగా పోగా, ఆ మబ్బు మొదలైన ఫోటో దొరికింది. బస్టాండులో జనం తడుస్తూ నవ్వుతున్నారు. పోయినేడు పడిన ఒకే ఒక్క వాన.

గిరి గొంతు తగ్గించాడు. "ఆ పొద్దు పెట్టినా. మళ్లా ఎండకు మార్చాలంటే చెయ్యి రాలేదు."

అయినా వ్యాపారం కదా, ఈశ్వరి కెమెరా అందుకుని సూర్యుడి గుర్తుకు తిప్పబోయింది.

తిప్పమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ పాపా. మా పిల్లకే ఇంకొంచెం పౌడరు పూసి పిల్చుకొస్తాలే."